పదిహేనుకీ యాభైకీ మధ్య ఒక ఎయిర్ ఫిల్టర్

మన దేశంలో కారుకి రెండు పుట్టినరోజులు ముఖ్యం. ఒకటి 15వది, రెండోది 50వది. 15 నిండగానే సర్కారు వారు దాన్ని ముసలిదాని కింద కట్టేస్తారు. మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు, 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000. 2025లో 20 ఏళ్ళు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. సరే, ఇవన్నీ కట్టుకుంటూ ఆ కారు ఎలాగోలా 50వ పుట్టినరోజు దాకా బతికిందనుకోండి. అప్పుడు కథ మారిపోతుంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం అది ‘వింటేజ్ మోటార్ వెహికల్’. ‘వీఏ’ అనే అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఇస్తారు. 20,000 ఫీజు, పదేళ్ళ రిజిస్ట్రేషన్. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్ళచ్చు, రోజూ తిరగడానికి మాత్రం వీల్లేదు. నిన్నటిదాకా తుక్కు, ఇవాళ వారసత్వ సంపద!

నా గొడవల్లా మధ్యలో ఉన్న 35 ఏళ్ళ గురించి. 50 ఏళ్ళకి సంపద అవ్వాలంటే 49 ఏళ్ళు బతకాలి కదా. ఆ బతుకు ఏ సామానుతో, ఎవరి దయతో అన్నది ఏ నిబంధనలోనూ రాయలేదు. ఈ వ్యాసం దాని గురించే. ఇంకా చిన్నగా చెప్పాలంటే, ఒక ఎయిర్ ఫిల్టర్ గురించి.

ఉండిలో వింటేజ్ స్పోర్ట్స్ కారు ఏంటి అని నవ్వకండి. మా ఊళ్ళో రొయ్యల లారీలుంటాయి, కోత మిషన్లుంటాయి, ట్రాక్టర్లుంటాయి, ఈ మధ్య పెద్ద పెద్ద ఎస్‌యూవీలుంటున్నాయి. స్పోర్ట్స్ కారు లేదు. దానికి పెదనాన్న కొడుకు వరస అయ్యేది మాత్రం మా ధాన్యం షెడ్డులో ఉంది. 1966 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. మా తాతగారు 1974లో ఏలూరులో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు.

వరస కలపడం ఊరికే కాదు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో హెరాల్డ్ తెచ్చింది. గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. 1962లో అదే కంపెనీ, అదే మికెలొట్టి చేత, హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేయించి స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు కట్టించింది. బానెట్టు ముందుకి మొసలి నోరులా తెరుచుకోవడం, లారీలు తిరగలేని సందులో కూడా గిర్రున తిరిగిపోవడం, రెండిటికీ ఉన్న గుణాలే. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి హెరాల్డ్ తయారుచేశారు. మనవాటికి చివరిదాకా 948 సీసీ ఇంజనే. దాదాపు 35 హార్స్‌పవర్. మీ హాస్టల్ ముందు ఆగి ఉండే 390 సీసీ బైకు దానికంటే ఎక్కువ తీస్తుంది, ఒప్పుకుంటాను. (ఇంకో ముచ్చట. హెరాల్డ్ 1200లో వచ్చిన 1147 సీసీ ఇంజన్ని జర్మన్లు నీళ్ళలో ఈదే కారుకి పెట్టారు. దాని పేరు ఆంఫికార్. 1960ల్లో అమ్మారు. కొల్లేటి కోట పెద్దింట్లమ్మ తీర్థానికి లాంచీ అక్కర్లేకుండా వెళ్ళాల్సిన కారు అది, తప్పు దేశంలో పుట్టింది.)

ఇక ఆ మద్రాసు కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు ఒకటి తెచ్చి, అది అమ్ముడుపోక 1988కల్లా కార్లు ఆపేసింది. అంటే మా కారుకి కన్నతల్లి లేకుండా పోయి, మీలో చాలామంది వయసు కంటే ఎక్కువే అయింది.

బండి పోయిన సంవత్సరం దసరా సెలవుల్లో మళ్ళీ స్టార్టయింది. బ్రేకులు, పెట్రోలు ట్యాంకు, వైరింగు, అన్నిటికీ భీమవరంలో ఏదో ఒక దారి దొరికింది. ఆగిపోయింది ఎక్కడంటే, కార్బురేటర్ మీద బోర్లించిన గుండ్రటి రేకు డబ్బా దగ్గర. అందులో ఉండాల్సిన కాగితం ఫిల్టర్‌లో సగం ఎలకలు తినేశాయి, మిగతా సగం ముట్టుకుంటే రాలిపోయింది.

మెకానిక్ గారు చాలా తేలిగ్గా అన్నారు: “తీసి పారేయండి బాబూ. ఫిల్టర్ లేకపోయినా నడుస్తుంది. ఇంకా బాగా పీలుస్తుంది కూడా.”

ఈ మాట మీరూ వినే ఉంటారు. మన క్యాంపస్‌లో ఆర్‌ఎక్స్ 100 ఉన్న ప్రతివాడూ దీన్నే వేదవాక్కులా చెబుతాడు. ఎయిర్ బాక్సు పీకేసి, కార్బురేటర్ మూతికి బయట దొరికే కోన్ ఫిల్టరో, లేకపోతే ఏమీ లేకుండానో తిప్పేస్తాడు. సౌండు బాగుంటుంది, నిజమే. ఆ బండ్లు తయారైంది 1985 నుంచి 1996 దాకా. ఇక పుట్టవు. అది టూ స్ట్రోక్ అన్న సంగతి మనవాళ్ళు మర్చిపోతారు. ఫోర్ స్ట్రోక్‌లో దుమ్ము ముందుగా సిలిండర్లోకే పోతుంది. టూ స్ట్రోక్‌లో గాలి ముందు క్రాంక్ కేసులోకి వెళ్ళి, అక్కణ్ణించి పైకి వస్తుంది. అంటే దుమ్ము మొదట క్రాంకు బేరింగుల్ని, కనెక్టింగ్ రాడ్ బేరింగుని పలకరించి, ఆ తర్వాత పిస్టన్ దగ్గరికి పోతుంది. సౌండు కోసం ఇచ్చే ధర అది.

మా వైపు దుమ్ము మామూలు దుమ్ము కూడా కాదు. ఉండి నుంచి గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం దాకా వెళ్ళి చూడండి, రోడ్డు పొడుగునా రైస్ మిల్లులు. బాయిలర్లలో ఊక తగలబెడతారు. ఊకలో సుమారు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం, వందకి 85 నుంచి 90 దాకా, సిలికా. అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పొద్దున్నే స్కూటీ సీటు మీద నల్లగా పేరుకునేది అదే. దానికి తోడు సార్వా మాసూళ్ళప్పుడు ఒకసారి, దాళ్వా కోతలప్పుడు ఒకసారి కోత మిషన్లు లేపే ధూళి. ఎండాకాలం చెరువులు ఎండగట్టి గట్లు వేసేటప్పుడు ట్రాక్టర్లు లేపే మట్టి. పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు. కంటికి కనబడని బూడిద రేణువు సరిగ్గా ఆ పొరలో ఇరుక్కుని గీరుతుంది. మనకి అన్నం పెట్టిన వడ్ల పొట్టే ఇంజన్ని అరగదీస్తుందన్నమాట.

ఎంత గాలి పీలుస్తుందో ఒక లెక్క వేద్దాం, మొదటి సంవత్సరం లెక్కే. 948 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకి ఒకసారి తన పొట్ట నింపుకుంటుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సిలిండర్లు నూటికి నూరు నిండితే నిమిషానికి 1,422 లీటర్లు. అసలులో అంత నిండవు, ఓ పదిహేనో ఇరవయ్యో శాతం తగ్గించుకోండి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఆ చిన్న రేకు డబ్బా ఇంచుమించు మూడు సెక్షన్ల విద్యార్థుల ముక్కు. దాన్ని తీసి పారేయమంటే నాకు మనసొప్పలేదు.

సరే, వెతకడం మొదలెట్టాను. భీమవరంలో మొదటి షాపులో “స్టాండర్డ్ హెరాల్డ్‌కి ఎయిర్ ఫిల్టర్ కావాలండి” అన్నాను. “హీరో హోండాకా? ఉందండి” అని స్ప్లెండర్ ఫిల్టర్ కౌంటర్ మీద పెట్టారు. రెండో షాపులో కుర్రాడు కంప్యూటర్‌లో కంపెనీ పేరు కొట్టమన్నాడు. జాబితాలో స్టాండర్డ్ అన్న పేరే లేదు. పోనీ అసలు పేరు ట్రయంఫ్ కదా అని నెట్‌లో వెతికితే అన్నీ మోటార్ సైకిల్ ఫిల్టర్లే. ట్రయంఫ్ కార్లూ ట్రయంఫ్ బైకులూ 1936లోనే వేరు పడ్డాయని మన నెట్ షాపులకి ఇంకా కబురు అందలేదు. ఒక చోట ‘సూటబుల్ ఫర్ హెరాల్డ్’ అని ఫొటోతో సహా ఉంటే ఆర్డరిచ్చాను. వచ్చినదాన్ని డబ్బాలో పెడితే చుట్టూ వేలు దూరేంత సందు. ఆ సందు లోంచే గాలి పోతుంది కాబట్టి ఫిల్టర్ ఉన్నా లేనట్టే. పైగా ఉందన్న ధైర్యం ఒకటి, అది ఇంకా ప్రమాదం. వెనక్కి పంపితే సగం డబ్బులొచ్చాయి.

ఇంగ్లండులో దొరకదా అంటే, బ్రహ్మాండంగా దొరుకుతుంది. అక్కడ 1977లో పెట్టుకున్న ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ ఇప్పటికీ నడుస్తోంది. స్పిట్‌ఫైర్ 1980లో ఆగిపోయినా దాని సామాన్లు అమ్ముకునే కంపెనీలు బతికే ఉన్నాయి. ఇంకో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి అయితే, 1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అన్న సంస్థ పాత అచ్చులు వెతికి పట్టుకుని ఏకంగా కొత్త బాడీ షెల్లులే కొట్టింది. మన దేశంలో ఆ ఏడాదే స్టాండర్డ్ మూతబడింది, కాకతాళీయమే అనుకోండి. కానీ అక్కడి స్పిట్‌ఫైర్‌కి రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, మాకు ఒక్కటే సోలెక్స్. వాళ్ళ ఫిల్టర్ మా డబ్బాలో కూర్చోదు. కూర్చున్నా, ఫిల్టర్ ఖరీదు కంటే దాన్ని తెప్పించే ఖర్చులూ కస్టమ్సూ ఎక్కువ.

తర్వాత ఏలూరు. తర్వాత విజయవాడ ఆటోనగర్, అక్కడ ఒక పూటంతా. చెన్నైలో పనిచేస్తున్న మా సీనియర్ ఒకాయన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో రెండు షాపులు అడిగి, “తమ్ముడూ, పదేళ్ళ క్రితం వచ్చుంటే ఇచ్చేవాళ్ళమన్నారు” అని ఫోన్ చేశాడు. ఎవరిని అడిగినా పదేళ్ళ క్రితమే! నాకు పదేళ్ళ క్రితం పదకొండేళ్ళు.

దొరికింది ఎక్కడంటే తాడేపల్లిగూడెంలో, ట్రాక్టర్ స్పేర్లు అమ్మే ఒక పాత షాపులో. కౌంటర్ దగ్గర ఆ షాపు ఓనరు గారి అబ్బాయి ఉన్నారు, లోపల కుర్చీలో పెద్దాయన. నేను మళ్ళీ హెరాల్డ్ పురాణం మొదలుపెడుతుంటే పెద్దాయన లోపల్నించే అడ్డుకున్నారు.

“బండి పేరు నాకెందుకు బాబూ. కొలత చెప్పు.”

ఈ ఒక్క మాట కోసమే ఇంత రాశాను. అప్పటిదాకా ఆరు ఊళ్ళలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. అడగడానికి వాళ్ళ దగ్గర దారి లేదు. ఫిల్టర్ల క్యాటలాగులు బండి పేరు మీద నడుస్తాయి. బండి, మోడలు, సంవత్సరం, ఆ తర్వాత పార్టు నంబరు. కంపెనీ చచ్చిపోతే పేరు జాబితాలోంచి పోతుంది, పేరుతో పాటు పార్టూ మాయమైపోతుంది. నిజానికి ఆ వస్తువు ఎక్కడికీ పోలేదు. గుండ్రటి కాగితం ఫిల్టర్ అంటే బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు. ఈ మూడూ కలిస్తే అది ఏ బండిదైతే ఏం? పాత కార్బురేటర్ మారుతి 800 పైన ఉండేదీ గుండ్రటిదే, పద్మినీ పైన ఉండేదీ గుండ్రటిదే. ఎన్నో జనరేటర్ల మీదా కంప్రెసర్ల మీదా ఉండేదీ గుండ్రటిదే. వీటిలో ఏది మా డబ్బాకి దగ్గరో చెప్పాల్సింది స్కేలు, పేరు కాదు.

వెర్నియర్‌తో కొలిచి ఫోనులో పెట్టుకున్న అంకెలు చదివాను. పెద్దాయన సొరుగులోంచి అట్ట ఊడిపోయిన డైరీ ఒకటి తీశారు. అందులో ముప్పై నలభై ఏళ్ళుగా తన చేతిలోంచి పోయిన ప్రతి ఫిల్టర్ కొలతా, ఏది దేనికి సరిపోయిందో, పెన్సిలుతో రాసుకున్నారు. రెండు నిమిషాల్లో వేలు ఒక గీత మీద ఆగింది. ఒక చిన్న డీజిల్ జనరేటర్ ఫిల్టర్. లోపలి వ్యాసం సరిపోయింది, బయటిది సరిపోయింది, ఎత్తు 6 మిల్లీమీటర్లు తక్కువ. “ఆ మాత్రం రబ్బరు ప్యాకింగ్ వేసుకో, దగ్గరుండి బిగించుకో” అన్నారు. ఖరీదు చెబితే ఆశ్చర్యపోతారు, 240 రూపాయలు. నేను ఆరు ఊళ్ళు తిరిగిన బస్సు చార్జీలూ పెట్రోలూ కలిపితే అలాంటివి డజను వస్తాయి.

అబ్బాయి గారు మాత్రం నవ్వుతూ అన్నారు: “నాన్నగారి డైరీ నాకు అర్థం కాదండి. మేం ఇప్పుడు బార్‌కోడ్ మీదే అమ్ముతున్నాం.”

ఆ డైరీ పోతే ఏమవుతుంది అన్న ఆలోచన ఆ రోజునుంచి నన్ను వదల్లేదు.

మన మెకానికల్ వాళ్ళం ఎవరికి వాళ్ళం అనుకుంటాం, రిపేరు అంటే మెకానిక్ పని, డిజైన్ అంటే మన పని అని. ఆ పెద్దాయన చేసింది ఏమిటి? ఒక పార్టుని దాని బ్రాండు నుంచి విడదీసి, కొలతలుగా, పనిగా చూడటం. మన మెషిన్ డ్రాయింగు పేపర్లో నేర్పేది అదే కదా. ఆయన చదివింది పదో తరగతి దాకానో ఏమో, పని మాత్రం మన కంటే బాగా చేశారు. పోర్షే కంపెనీ 2018లో, 292 మాత్రమే తయారైన తన 959 కారుకి క్లచ్ విడిపించే లీవర్ దొరక్కపోతే త్రీడీ ప్రింటింగులో లోహంతో చేసి ఇచ్చింది. టయోటా 2020లో పాత సుప్రాలకి సామాన్లు మళ్ళీ పోసి అమ్మడం మొదలెట్టింది. అవి తల్లి ఉన్న బండ్లు. తల్లి లేని బండ్లకి ఇలాంటి డైరీలే దిక్కు.

మరి మన దగ్గర త్రీడీ ప్రింటర్ లేదా అంటే, ఉంది. పోయిన ఫెస్టులో దానితో ఏం చేశామో మీకు గుర్తుండే ఉంటుంది: కీచెయిన్లు, హీరోల పేర్లు, ఒక గణపతి. తప్పని అనను, గణపతి బాగానే వచ్చాడు. బాహా పోటీకి ప్రతి సంవత్సరం ఒక బండి కొత్తగా కడతాం, దానికి స్పాన్సర్లని వెతుక్కుంటాం. పాత బండి ఒక్కటి విప్పి, అందులో దొరకని పార్టు ఒక్కటి కొలిచి, డ్రాయింగు గీసి ఊరికి ఇచ్చిన బ్యాచ్ ఏదైనా ఉందా? ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఏ ఊళ్ళో ఏ అంతస్తులో ఎంతకి దొరుకుతాయో నాకంటే మీకే బాగా తెలుసు.

సర్కారు వైపు నుంచి ఏమీ జరగలేదా అంటే, జరిగింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ పెట్టింది. వాహనాలు, వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఇంట్లో వాడే మిషన్లు అందులోకి వస్తాయి. మంచి పనే, ముఖ్యంగా వ్యవసాయ పనిముట్లు చేర్చడం. కానీ అందులో పేజీలు పెట్టేది కంపెనీలు. మూతబడ్డ కంపెనీకి పేజీ ఎవరు పెడతారు? నేను అడిగేది పెద్ద చట్టం కూడా కాదు. ఈ దేశంలో అమ్మే ప్రతి ఫిల్టర్ అట్టపెట్టె మీద, బండి పేరుతో పాటు దాని కొలతలు మిల్లీమీటర్లలో అచ్చు వెయ్యాలి. బిస్కెట్ ప్యాకెట్ మీద పిండి ఎంత, పంచదార ఎంత అని వేస్తున్నారు కదా. బేరింగులకి ఆ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 6203 అని నంబరు చెబితే లోపల 17, బయట 40, మందం 12 మిల్లీమీటర్లు, ఏ దేశంలో ఏ కంపెనీదైనా. అందుకే మా హెరాల్డ్‌కి బేరింగు దొరకడానికి అరగంట పట్టింది, ఫిల్టర్ దొరకడానికి నాలుగు నెలలు.

నా రూమ్మేట్‌కి ఈ వాదన నచ్చలేదు. “రేయ్, ఆ డొక్కు బండి వదిలే పొగకి నువ్వు ఫిల్టర్ పెట్టడం ఏంట్రా, అమ్మేస్తే పీడా పోతుంది కదా” అన్నాడు. పొగ సంగతి నిజం. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని కార్బురేటర్ బండి కిలోమీటరుకి వదిలే కార్బన్ మోనాక్సైడు బీఎస్ 6 బండి ముందు చాలా ఎక్కువ. దాన్ని కాదనలేను, కాదంటే నేను చదివే చదువుకి అర్థం లేదు. కానీ మా బండి సంవత్సరానికి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఇంకో మాట. మూసుకుపోయిన ఫిల్టర్ ఉంటే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, పొగ ఇంకా నల్లబడుతుంది. ఫిల్టర్ లేకపోతే రింగులు అరిగి ఆయిల్ కాలుతుంది, అది నీలం పొగ. పాత బండి పొగ తగ్గాలంటే ముందు కావాల్సింది సరైన ఫిల్టరే. పాత బండి నడిపే ప్రతివాడూ సరదాకి నడపడు కూడా. మా ఊళ్ళో చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసే పాత స్కూటర్లు, ముప్పై ఏళ్ళ ట్రాక్టర్లు ఎన్ని లేవు! వాటి ఓనర్లకి 50వ పుట్టినరోజూ వద్దు, ప్రత్యేకమైన నంబరు ప్లేటూ వద్దు. రేపు పొద్దున్న బండి స్టార్టయితే చాలు.

ఆ ట్రాక్టర్ల దగ్గర నాకు ఇంకో సంగతి తెలిసింది. పాత ట్రాక్టర్లు, పాత నీళ్ళింజన్లు చాలావాటికి కాగితం ఫిల్టరే ఉండదు, ఆయిల్ బాత్ ఉంటుంది. గిన్నెలో కాస్త ఇంజనాయిల్ పోసి ఉంచుతారు. లోపలికొచ్చే గాలి ఆ ఆయిల్ మీద గబుక్కున మలుపు తిరుగుతుంది. బరువున్న దుమ్ము తిరగలేక ఆయిల్లో పడిపోతుంది, మిగిలింది పైన తడిసిన తీగ జల్లెడకి అంటుకుంటుంది. శుభ్రం చెయ్యాలంటే గిన్నె విప్పి డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పొయ్యడమే. కొనాల్సిన పార్టే లేదు! సన్న దుమ్ముని కాగితం ఆపినంత బాగా ఆపలేదు, అందుకే కొత్త బండ్లలో మానేశారు. మానేసినప్పుడు, కొనకుండా బాగుచేసుకునే సౌకర్యం కూడా దాంతోనే పోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చివరిగా, ఇలా వేరే బండి ఫిల్టర్ తెచ్చి పెట్టుకునేవాళ్ళకి రెండు పరీక్షలు చెబుతాను. ల్యాబులో ఎవరూ చేయించరు కాబట్టి రాస్తున్నా. మొదటిది గ్రీజు పరీక్ష. ఫిల్టర్ బిగించే ముందు డబ్బా లోపల, శుభ్రమైన గాలి వెళ్ళే వైపు, పల్చగా గ్రీజు రాయండి. వారం తిప్పి మూత తియ్యండి. గ్రీజు మీద దుమ్ము గీత కనిపిస్తే ఆ చోట సందు ఉన్నట్టు. మాకు మొదటిసారి ఒక పక్క కనిపించింది, ప్యాకింగ్ అతుకు దగ్గర. అతుకు లేకుండా ఒకే ముక్కలో సైకిల్ ట్యూబు రబ్బరు కోసి వేశాక పోయింది. రెండోది యూ ట్యూబు మానోమీటర్. అర మీటరు పారదర్శకమైన పైపు, రంగు నీళ్ళు, ఒక స్కేలు. పైపు ఒక చివర ఫిల్టర్‌కీ కార్బురేటర్‌కీ మధ్య పెట్టాలి. నిలబెట్టి రేజ్ చేస్తే లోడు ఉండదు, గాలి పెద్దగా పీల్చదు, అంకె నమ్మొద్దు. ఆకివీడు రోడ్డు మీద తెల్లారుజామున మూడో గేరులో పూర్తి థ్రాటిల్ ఇస్తే, పక్క సీట్లో స్కేలు పట్టుకున్న మా తమ్ముడు 4 సెంటీమీటర్లు చదివాడు. ఫిల్టర్ తీసేస్తే సెంటీమీటరు లోపు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చదివితే, ఎంత పెరిగిందో దాన్నిబట్టి ఫిల్టర్ ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. అన్ని కిలోమీటర్లకి మార్చాలని పుస్తకంలో రాసినవాడికి మా ఊక బూడిద సంగతి తెలీదు కదా.

ఆ డైరీ విషయం. సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ వెళ్ళి అడిగితే, పెద్దాయన ఫొటోలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు, డైరీ మాత్రం షాపు దాటనివ్వనన్నారు. 112 పేజీలు. పెన్సిలు రాతలు, కొన్నిచోట్ల నూనె మరకలు, కొన్ని అంగుళాల్లో, కొన్ని మిల్లీమీటర్లలో. స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించడం నేనూ సివిల్ సెకండ్ ఇయర్ అమ్మాయి ఒకరూ మొదలెట్టాం, 31 పేజీలు అయ్యాయి. మిగతావాటికి మనుషులు కావాలి. ఇంజన్ గురించి ఏమీ తెలియక్కర్లేదు, తెలుగు చేతిరాత చదవగలిగితే చాలు. ఈ పత్రికకి రాసేవాళ్ళకి ఆ పాటి వచ్చే ఉంటుందని క్లబ్బు గ్రూపులో అడుగుతున్నాను.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గుండ్రటి రేకు డబ్బా ఉంటే, మా దానికి సరిపోయిన ఫిల్టర్ కొలతలివి: బయటి వ్యాసం 152 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 98, ఎత్తు 44, దాని కింద 6 మిల్లీమీటర్ల రబ్బరు. హెరాల్డ్‌లన్నిటికీ ఇదే అనుకోవద్దు, యాభై ఏళ్ళలో ఎవరి డబ్బా ఎవరు మార్చారో. ముందు మీది కొలవండి.